ఆలోచనల రేవు: దుబాయి, ప్రభుత్వ ప్రయోగశాలలు, ప్రభావాల దారులు

2013 డిసెంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ మంత్రివర్గం సచివాలయాన్ని వదిలి, అబూ ధాబీ తీరానికి ఎడంగా ఉన్న సర్ బనీ యాస్ ద్వీపంలో సమావేశమయింది. విద్య, వైద్యం చర్చనీయాంశాలు. అంతకు ముందే ప్రజలను సూచనలు పంపమని కోరితే 80 వేలకు పైగా వచ్చాయి. మరుసటి ఏడాది, ప్రధానమంత్రీ దుబాయి పాలకుడూ అయిన షేక్ మొహమ్మద్ బిన్ రాషిద్ అల్ మక్తూమ్ పేరిట ప్రభుత్వ నవకల్పన కేంద్రం వెలిసింది. 2015ను నవకల్పన సంవత్సరంగా ప్రకటించారు. పదేళ్లు తిరిగేసరికి, ప్రపంచంలో ఎక్కడ ఏ ప్రభుత్వం కొత్త పద్ధతిని ప్రయత్నించినా దాని ప్రస్తావన ఒకసారైనా దుబాయిలో వినిపించే స్థితి ఏర్పడింది.

ప్రభుత్వ నవకల్పన ప్రయోగశాల అంటే పరీక్షనాళికలు, సూక్ష్మదర్శినులు ఉండే చోటు కాదు. పాలనలోని ఒక చిక్కును తీసుకుని, దానికి విరుగుడును చిన్న స్థాయిలో తయారుచేసి, పరీక్షించి, పనికొస్తే శాఖలకు అప్పగించే చిన్న బృందం. గత పాతికేళ్లలో ఇటువంటి బృందాలు అన్ని ఖండాల్లోనూ పుట్టాయి. ఒకదాన్ని చూసి మరొకటి పుట్టాయని వాటిలో పనిచేసేవారే చెబుతారు. ఆ 'చూసి' అన్న మాట వెనుక ఏముంది? ఒక ప్రభుత్వం మరొకదాని అనుభవం నుంచి నేర్చుకున్నదా, లేక ఎవరో వచ్చి అమ్మితే కొనుక్కున్నదా? ఈ వ్యాసం ఆ ప్రశ్నను దుబాయిని మజిలీగా పెట్టుకుని, తెలుగు నేల దాకా తీసుకువస్తుంది.

మూడు వంశాలు

ఈ ప్రయోగశాలలన్నీ ఒకే కుదురు నుంచి రాలేదు. మొదటి వంశం డెన్మార్క్‌ది. 2002లో అక్కడి ప్రభుత్వం మైండ్‌ల్యాబ్ అనే బృందాన్ని ఏర్పాటు చేసింది. పన్ను పత్రం నింపే మనిషి పక్కన కూర్చుని, అతను ఎక్కడ తడబడుతున్నాడో గమనించి, ఆ పత్రాన్ని తిరగరాయడం దాని పద్ధతి. రూపకల్పన చేసేవారు, సమాజ శాస్త్రజ్ఞులు ఇందులో ముఖ్యులు. ఓపిక దీని పెట్టుబడి.

రెండవది బ్రిటన్‌లో మొదలై మలేషియాలో రూపు మార్చుకున్నది. 2001లో టోనీ బ్లెయిర్ తన కార్యాలయంలో మైకేల్ బార్బర్ నాయకత్వాన ఒక అమలు విభాగాన్ని పెట్టాడు. లక్ష్యం, కొలత, గడువు, సమీక్ష అన్నవే దాని మంత్రాలు. 2009లో మలేషియా పెమాండు అనే విభాగాన్ని నెలకొల్పి ఇద్రిస్ జాలాను అధిపతిని చేసింది. అధికారులనూ ప్రైవేటు రంగం వారినీ కొన్ని వారాలపాటు ఒకేచోట కూర్చోబెట్టి, పద్దులతో సహా ప్రణాళిక రాయించి, ఆ ప్రక్రియకే 'ల్యాబ్' అని పేరు పెట్టారు. 2013లో టాంజానియా, 2014లో దక్షిణాఫ్రికా, 2016లో ఒమన్ ఆ పద్ధతిని తమ దేశాలకు తెచ్చుకున్నాయి.

మూడవది నిజంగా ప్రయోగం అనే మాటకు తగినది. 2010లో బ్రిటన్ ప్రభుత్వం డేవిడ్ హాల్పర్న్ నాయకత్వాన ప్రవర్తనా శాస్త్ర బృందాన్ని ఏర్పరచింది. పన్ను బకాయిదారులకు రాసే ఉత్తరంలో ఒక వాక్యం మారిస్తే వసూలు పెరుగుతుందా అన్నది, మందులను పరీక్షించినట్లే, యాదృచ్ఛికంగా విభజించిన రెండు వర్గాల మీద పరీక్షించి చూడడం దాని పద్ధతి. ఈ పద్ధతిని వివరిస్తూ 2012లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రచురించిన పత్రానికి సహరచయితల్లో ఒకరైన బెన్ గోల్డేకర్ స్వయంగా వైద్యుడు.

2014లో బ్రిటన్‌కు చెందిన నెస్టా, అమెరికాకు చెందిన బ్లూమ్‌బర్గ్ దాతృత్వ సంస్థ కలిసి ప్రపంచంలోని 20 నవకల్పన బృందాల మీద ఒక నివేదిక వెలువరించాయి. ఈ మూడు వంశాల వారూ అందులో పక్కపక్కన నిలిచారు. ఆ తరువాతి కథ గమనార్హం. ఆ ఏడాదే ప్రవర్తనా శాస్త్ర బృందం ప్రభుత్వం నుంచి బయటికి వచ్చి, ప్రభుత్వమూ, నెస్టా సంస్థా, బృందం ఉద్యోగులూ వాటాదారులైన కంపెనీ అయింది. 2021లో నెస్టా దాన్ని పూర్తిగా కొనేసింది. పెమాండు 2017లో ప్రభుత్వ విభాగంగా ముగిసి ప్రైవేటు సలహా సంస్థగా కొనసాగింది. మైండ్‌ల్యాబ్ 2018లో మూతపడింది. పుట్టిన ఇంట్లో ఆయుష్షు తీరిన తరువాత కూడా ఈ పద్ధతులు పరాయి దేశాల్లో వ్యాపిస్తూనే ఉన్నాయి. ఇందులో వింత లేదు. బృందం చెదిరితే మనుషులు చెదురుతారు. వారు వెళ్లిన చోటల్లా పద్ధతీ వెళుతుంది, అది కూడా ఈసారి సలహాదారు రుసుముతో.

రేవు పట్టణం పని

ఈ మూడు దారులూ కలిసిన కూడలి దుబాయి. అది యాదృచ్ఛికం కాదు. ఇరవయ్యవ శతాబ్దారంభంలో పర్షియా తీరంలోని లింగే రేవులో సుంకాలు పెరిగినప్పుడు, దుబాయి తన సుంకాలు ఎత్తేసి అక్కడి వర్తకులను రప్పించుకుంది. 1985లో జెబెల్ అలీ స్వేచ్ఛా వాణిజ్య మండలం పెట్టింది. సరుకు ఎక్కడో తయారవుతుంది, ఎక్కడో అమ్ముడుపోతుంది. నడుమ దుబాయిలో దిగి, మూట మార్చుకుని, మళ్లీ ఓడ ఎక్కుతుంది. మన వాడుకలో దీన్ని మారుబేరం అంటాం.

పాలనా పద్ధతుల విషయంలోనూ దాదాపు ఇదే జరిగింది. 1997లో దుబాయి ప్రభుత్వం శాఖల పనితీరుకు పురస్కారాలిచ్చే పథకాన్ని మొదలుపెట్టింది. 2001లో ఎలక్ట్రానిక్ పాలన, 2013లో సేవలన్నీ చేతిఫోన్‌లోకి తేవాలన్న రెండేళ్ల గడువు వచ్చాయి. అదే 2013లో మొదలైన ప్రభుత్వ శిఖరాగ్ర సదస్సు తరువాత 'ప్రపంచ ప్రభుత్వ శిఖరాగ్ర సదస్సు' అయింది. 2016లో దుబాయి భవిష్యత్ సంస్థతోపాటు, శాఖల అధికారులకు ఒక లక్ష్యమిచ్చి 100 రోజుల్లో ఫలితం చూపమనే ప్రభుత్వ వేగవర్ధక కార్యక్రమం వచ్చింది. అధికారులకు నవకల్పనలో శిక్షణ ఇప్పించడానికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంతో ఒప్పందం కుదిరింది. ధనిక దేశాల కూటమిగా పేరున్న ఓఈసీడీ, దుబాయి నవకల్పన కేంద్రంతో కలిసి, ప్రభుత్వ నవకల్పనల ప్రపంచ ధోరణుల మీద 2017 నుంచి నివేదికలు ప్రచురించసాగింది.

దిగుమతి అక్కడితో ఆగలేదు, తిరుగు ఎగుమతి మొదలయింది. 2018లో ఈజిప్టుతోనూ 2019లో ఉజ్బెకిస్తాన్, జోర్డాన్‌లతోనూ పాలనా ఆధునికీకరణ ఒప్పందాలు కుదిరాయి. పది లక్షల మంది అరబ్ యువతకు ప్రోగ్రామింగ్ నేర్పిస్తామని 2017లో దుబాయిలో మొదలైన పథకం 2019లో పది లక్షల ఉజ్బెక్ యువత పేరిట తాష్కెంటుకు చేరింది.

పరస్పర సంబంధాల జాలాలను పరిశీలించే శాస్త్రంలో ప్రాముఖ్యాన్ని కొలవడానికి అనేక మార్గాలున్నాయి. ఎవరికి ఎక్కువ మంది స్నేహితులున్నారన్నది ఒక కొలత. ఒకరి నుంచి మరొకరికి వెళ్లే దారులు ఎవరి గుమ్మం మీదుగా పోతున్నాయన్నది ఇంకొక కొలత. దుబాయి బలం ఈ రెండవ రకానిది. డెన్మార్క్ వారు, సింగపూర్ వారు, ఆఫ్రికా మంత్రులు ఒకరినొకరు కలుసుకునే గుమ్మం అది. పద్ధతిని కనిపెట్టినవారికంటే ఆ గుమ్మం దగ్గర ఉన్నవారికే ఒక్కోసారి ఎక్కువ పలుకుబడి ఉంటుంది. ఏది లోపలికి రావాలో, ఏ పేరుతో బయటికి పోవాలో తేల్చేది వారే కనుక.

మందుల ప్రతినిధి సంచి

ప్రభావ జాలాల అధ్యయనానికి మూలగ్రంథం లాంటిది వైద్యుల మీద జరిగిన ఒక పరిశోధన. 1950ల నడిమిలో జేమ్స్ కోల్‌మన్, ఎలిహు కాట్జ్, హెర్బర్ట్ మెంజెల్ అనే సమాజ శాస్త్రజ్ఞులు ఇల్లినాయ్ రాష్ట్రంలోని నాలుగు పట్టణాల వైద్యులను కలిశారు. మీరు ఎవరి సలహా అడుగుతారు, ఎవరితో రోగుల గురించి చర్చిస్తారు, ఎవరితో స్నేహం చేస్తారు అని ప్రశ్నించారు. అప్పుడే వచ్చిన టెట్రాసైక్లిన్ అనే మందును ఎవరు ఎప్పుడు మొదట రాశారో మందుల దుకాణాల చీటీలు తిరగేసి లెక్కతీశారు. తోటివారితో సంబంధాలు ఎక్కువగా ఉన్న వైద్యులు ఆ మందును ముందుగా అందుకున్నారని తేలింది. కొత్త పద్ధతులు స్నేహాల వెంబడి పాకుతాయన్న సూత్రం అలా స్థిరపడింది. ఆ పరిశోధన 1966లో గ్రంథరూపంలో వచ్చింది. దానికి డబ్బు పెట్టింది ఫైజర్ ఔషధ సంస్థ.

2001లో క్రిస్టోఫ్ వాన్ డెన్ బుల్ట్, గ్యారీ లిలియన్ అవే లెక్కలను మళ్లీ తిరగేశారు. ఈసారి మొదటి పరిశోధకులు లెక్కలోకి తీసుకోని ఒక అంశాన్ని చేర్చారు. అది ఆ కాలంలో ఔషధ సంస్థలు చేసిన ప్రచారం. దాన్ని చేర్చగానే స్నేహాల ప్రభావం మాయమైంది. వైద్యుడు వైద్యుణ్ణి చూసి నేర్చుకున్నట్లు కనిపించినది, అందరి గదులకూ ఒకే మందుల ప్రతినిధి ఒకే సంచితో వచ్చి వెళ్లడం వల్ల కూడా కావచ్చు. ఆసుపత్రి వరండాలో ఆ సంచులను ముప్పై ఏళ్లుగా చూస్తున్నవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు.

ప్రభుత్వ ప్రయోగశాలలకు ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది. శిఖరాగ్ర సదస్సుల్లో సలహా సంస్థలు 'జ్ఞాన భాగస్వాములు'గా ఉంటాయి. నివేదికలు అవే రాస్తాయి, పద్ధతిని అవే అమలుచేసి పెడతాయి, పురస్కారాల కొలమానాలకూ అవే సాయపడతాయి. ఎక్కడ చూసినా ఒకేలాంటి ప్రయోగశాలలు కనిపిస్తే, అవన్నీ ఒకే నిజాన్ని కనుక్కున్నాయనుకునే ముందు, వాటి వరండాల్లో ఎవరి సంచి ఉందో చూడాలి.

వైద్యం నుంచి ఇంకొక పాఠమూ ఉంది. పనిచేసిన మందుల ఫలితాలే ప్రచురణకు నోచుకుంటాయి, పనిచేయనివి బీరువాల్లో ఉండిపోతాయి. దీన్ని అరికట్టడానికి ప్రముఖ వైద్య పత్రికల సంపాదకులు 2005 నుంచి, మొదలుపెట్టేముందే నమోదు కాని ప్రయోగాల ఫలితాలను ప్రచురించబోమని నియమం పెట్టారు. ప్రభుత్వ ప్రయోగశాలలకు అటువంటి కట్టుబాటు లేదు. 2014లో ఎమిరేట్స్ ప్రభుత్వం గుర్తింపు కార్డులను డ్రోన్లతో ఇళ్లకు చేరుస్తామని చెప్పినప్పుడు ఆ వార్త ప్రపంచమంతా చుట్టింది. కార్డులను మాత్రం కొరియర్ మనిషే తెచ్చి ఇస్తూ వచ్చాడు. ఈ రెండవ వార్త ఎక్కడికీ చేరలేదు.

సంతోషం వెళ్లిన దారి

ఇటువంటి ప్రయాణాల్లో ఒకదాన్ని మొదలు నుంచి చివరిదాకా వెంబడిస్తే ఈ జాలం తీరు తేటపడుతుంది. భూటాన్ రాజు 1970లలో జాతీయోత్పత్తి కంటే జాతి సంతోషం ముఖ్యమన్నాడు. 2008లో ఆ భావన భూటాన్ రాజ్యాంగంలో చేరింది. 2011 జులైలో భూటాన్ ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ, అభివృద్ధిని కొలిచేటప్పుడు సంతోషాన్నీ గమనించాలని తీర్మానించింది. 2012లో తొలి ప్రపంచ సంతోష నివేదిక వచ్చింది. 2014లో దుబాయి తన కార్యాలయాల్లో, సేవ అందుకున్నవారు నవ్వు ముఖమో ముడుచుకున్న ముఖమో నొక్కే సంతోష మాపకాలు పెట్టింది. 2016 ఫిబ్రవరిలో ఎమిరేట్స్ ఒహూద్ అల్ రూమీని సంతోష శాఖ సహాయమంత్రిగా నియమించింది. అదే ఏడాది మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆనంద విభాగాన్ని నెలకొల్పింది. 2018 ఫిబ్రవరిలో దుబాయి సదస్సులో ప్రపంచ సంతోష విధాన నివేదిక విడుదలయింది. ఆ సదస్సుకే భారత ప్రధాని నరేంద్ర మోదీ ముఖ్య అతిథి. రెండు నెలలకు, 2018 ఏప్రిల్‌లో, అమరావతిలో 'హ్యాపీ సిటీస్ సదస్సు' జరిగింది.

ఒక్కో మజిలీలో సరుకు మారింది. భూటాన్‌లో అది ఆర్థిక వృద్ధి పిచ్చికి విరుగుడు. ఐక్యరాజ్యసమితిలో ఒక సూచిక. దుబాయిలో కౌంటరు దగ్గరి బొత్తాం. అమరావతిలో ఒక నూతన నగరానికి పెట్టుబడులనూ నిపుణులనూ ఆకర్షించే వేదిక. సీసా మీద చీటీ అదే, లోపలి మందు వేరు. ఈలోగా మూలస్థానంలోనే సందేహాలు మొదలయ్యాయి. 2013లో భూటాన్ ప్రధాని అయిన షెరింగ్ టొబ్గే, ఈ నినాదంకన్నా నిరుద్యోగం, అప్పుల మీద దృష్టి పెట్టాలని బహిరంగంగానే అన్నాడు. ఎమిరేట్స్‌లో 2020 జులై పునర్వ్యవస్థీకరణలో సంతోషపు బాధ్యత సామాజికాభివృద్ధి శాఖకు మారింది. అమరావతి సదస్సు జరిపిన ప్రభుత్వం 2019 ఎన్నికల్లో ఓడిపోయింది.

మనకు ఇది మొదటిసారి కాదు

తెలుగువారికి ఈ జాలంతో పరిచయం దుబాయి సదస్సులకంటే పాతది. మలేషియా ప్రధాని మహతీర్ 1991లో ప్రకటించిన 'విజన్ 2020' పేరుతోనే 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన దార్శనిక పత్రాన్ని విడుదల చేసింది. దాని తయారీలో తోడ్పడింది మెకిన్సీ సలహా సంస్థ. 1998లో ప్రపంచ బ్యాంకు నుంచి రాష్ట్ర పునర్నిర్మాణానికి 50 కోట్ల డాలర్లకు పైగా అప్పు వచ్చింది. 2001లో బ్రిటిష్ సహాయంతో హైదరాబాదులో సుపరిపాలన కేంద్రం ఏర్పడింది.

సంస్థలు ఒకదాన్నొకటి పోలి ఉండడానికి మూడు కారణాలను 1983లో పాల్ డిమాజియో, వాల్టర్ పావెల్ అనే పండితులు సూత్రీకరించారు: పైవారి ఒత్తిడి, అయోమయంలో అనుకరణ, ఒకే బడిలో నేర్చిన నిపుణులు. ఆంధ్రప్రదేశ్ విషయంలో అప్పు ఇచ్చినవారి షరతులు ఒక ముఖ్య కారణం. చమురు సంపద ఉన్న ఎమిరేట్స్‌ను ఒత్తిడి చేయగల ఋణదాత లేడు. అక్కడ పనిచేసినవి మిగిలిన రెండూ, వాటికి తోడు ప్రతిష్ఠ. దారులు వేరైనా, చేరిన చోట కనిపించే పత్రాలు, పదజాలం, సలహాదారులు చాలావరకు ఒక్కరే.

2004 ఎన్నికల్లో, కరువూ రైతుల ఆత్మహత్యల నడుమ, 'విజన్ 2020' ప్రభుత్వం ఓడిపోయింది. ఆ పత్రం మరుగున పడింది. కానీ అన్నీ పోలేదు. 1998లో మొదలైన రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ నిలిచింది. 2001లో జంటనగరాల్లో తెరిచిన ఈ-సేవ కేంద్రాలు 2011లో మరొక ప్రభుత్వం చేతిలో మీ-సేవగా విస్తరించాయి. కరెంటు బిల్లుకొక వరుస, నీటి బిల్లుకొక వరుస నిలబడిన మనిషికి ఒకే కిటికీ దొరికింది. ఆ కిటికీని మూసే ధైర్యం ఏ పార్టీకీ లేకపోయింది. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ ఇతర రాష్ట్రాలకు పాకింది. దానికి ప్రయోగశాల పేరు లేదు. పిలిస్తే బండి వచ్చింది, అదే దాని ప్రచారం.

కిటికీకి ఇవతల

ఎమిరేట్స్ ప్రయోగశాలలను కూడా ఈ కిటికీ దగ్గరే తూచాలి. ఆ దేశ జనాభాలో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా విదేశీయులే, వారిలో అందరికంటే ఎక్కువమంది భారతీయులు. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ నుంచి నిర్మాణపు పనులకూ, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇతర కొలువులకూ ఇళ్ల పనులకూ వెళ్లినవారు అందులో ఉన్నారు. వారికి ప్రభుత్వం ఎదురయ్యేది వైద్య పరీక్ష దగ్గర, వీసా దగ్గర, జీతం అందని నెలలో ఫిర్యాదు దగ్గర.

ఈ మనుషుల బతుకును నిజంగా తాకిన రెండు మార్పులను చూద్దాం. 2005 నుంచి వేసవి నెలల్లో మధ్యాహ్నపు ఎండ వేళ ఆరుబయటి పనిని నిషేధించారు. వడదెబ్బ శరీరాన్ని ఏం చేస్తుందో తెలిసినవారికి ఆ కొద్ది గంటల విలువ తెలుసు. 2009లో వేతన రక్షణ వ్యవస్థ వచ్చింది. యజమానులు జీతాన్ని చేతికి కాక బ్యాంకులు, మారకపు కేంద్రాల ద్వారానే చెల్లించాలి. చెల్లించకపోతే కార్మిక శాఖకు లెక్కల్లో కనిపిస్తుంది. 2013లో సౌదీ అరేబియా, 2015లో కతార్ ఇదే పద్ధతిని తెచ్చాయి. ఈ వ్యవస్థకూ చిల్లులున్నాయి. ఇళ్లలో పనిచేసేవారు మొదట దీని పరిధిలో లేరు. జీతం పడిందా లేదా అన్నదే అది చూస్తుంది, ఊళ్లో ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పును చూడదు. అయినా, తన జీతం రాలేదని నిరూపించడానికి అంతవరకూ ఏ కాగితమూ లేని కూలీకి ఒక సాక్ష్యం దొరికింది.

ఈ రెండు మార్పులూ నవకల్పన కేంద్రం పుట్టకముందే వచ్చాయి. ప్రయోగశాలలు వృథా అని దీని అర్థం కాదు. పన్ను పత్రం దగ్గర తడబడే మనిషి పక్కన కూర్చోవడం డెన్మార్క్ నేర్పిన మంచి విద్య. అదే విద్యతో ఒక ఎమిరేట్స్ అధికారి వారం రోజులు కార్మిక ఫిర్యాదుల కిటికీకి ఇవతల, అరబ్బీ గాని ఇంగ్లీషు గాని రాని తెలుగు మేస్త్రీ పక్కన కూర్చుంటే, ఎక్కడ పని ఆగుతున్నదో తెలుస్తుంది. పంపిణీ అయ్యే సరుకుల్లో ఈ పద్ధతి వెనకబడి, 100 రోజుల గడువులూ కొత్త శాఖల పేర్లూ ముందుకు రావడమే బాధాకరం. పేరు ఓడ ఎక్కుతుంది. ఓపిక ఎక్కదు.

దుబాయి కూడలిగా ఉండడంలో తప్పు లేదు. అటువంటి కూడలికే ఒక పని చేసే స్తోమత కూడా ఉంది. ప్రతి ప్రభుత్వ ప్రయోగశాలా పని మొదలుపెట్టేముందే తన ప్రశ్నను, ఇచ్చిన మాటను, ఎవరి సలహాతో ఎంత ఖర్చుతో మొదలైందో నమోదు చేయాలి. ముగిసినప్పుడు ఫలితాన్నీ, మూతపడితే కారణాన్నీ చేర్చాలి. వైద్య పత్రికలు ప్రయోగకర్తల చేత చేయించినది ఇదే. ఏటా ఇన్ని దేశాల మంత్రులను ఒక గదిలోకి రప్పించగల సదస్సు, అటువంటి చిట్టాను తన గుమ్మం దగ్గర పెట్టి, అందులో రాయనివారికి వేదిక లేదని చెప్పగలదు. మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కొత్త నవకల్పన కేంద్రాలు తెరుస్తున్న ఈ రోజుల్లో, ఆ చిట్టా దుబాయిలో మొదలయ్యేదాకా ఆగనక్కరలేదు. హైదరాబాదులో, అమరావతిలో కూడా మొదలుపెట్టవచ్చు. మొదటి పేజీలో 'విజన్ 2020'నూ ఈ-సేవనూ పక్కపక్కన రాసి, ఏది ఎందుకు పోయిందో, ఏది ఎందుకు నిలిచిందో నింపితే, రాబోయే సలహాదారు సంచి విప్పేముందు మన అధికారుల చేతిలో ఒక కాగితం ఉంటుంది.